పదిహేనో అభ్యంతరం

కాటో అన్న పేరు చెవిన పడగానే కంపాలాలో ఎవరైనా అడిగే మొదటి మాట, "మరి మీ వాస్వా ఏం చేస్తుంటాడు?" అని. కవల మగపిల్లల్లో ముందు పుట్టినవాడు వాస్వా, వెనక పుట్టినవాడు కాటో. ఇవి అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టుకునే పేర్లు కావు, పుట్టిన వరుసను బట్టి వచ్చి మీద పడేవి. పదకొండు నిమిషాలు ఆలస్యంగా భూమ్మీద పడ్డ నేరానికి కాటో సెన్యోంగా నలభై ఒక్క ఏళ్ళుగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ వస్తున్నాడు. వాస్వా ఎంటెబ్బెలో విమానాలు మరమ్మతు చేస్తాడు. బాగానే ఉన్నాడు. ఎప్పుడూ బాగానే ఉంటాడు, కాటో బాధంతా అదే.

ఇంట్లో ఎలాగూ రెండోవాడయ్యాడు కాబట్టి, మొదటి స్థానాన్ని అతను బుకోటోలో, సిమెంటు కొట్టు మీది అంతస్తులో వెతుక్కున్నాడు. అక్కడ ఏడుగురు మనుషులు కలిసి ముసిజి అనే భాషను నడుపుతారు. బళ్ళో పిల్లలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే భాష అది. పిల్లలు రాసింది చదివి, ఇదిగో ఇక్కడ తప్పు చేశావు అని చెప్పే కంపైలర్‌లో సగం కాటో చేతి రాతే. ఏడేళ్ళ కిందట, ఆఫీసులో కుర్చీలు లేని రోజుల్లో, సిమెంటు బస్తాల మీద కూర్చుని రాశాడు. ఈ మాట కొత్తగా చేరినవాళ్ళందరికీ చెబుతాడు, కొందరికి రెండుసార్లు.

ఆఫీసుకు పెద్ద తుమ్వెబాజే మేడమ్. ఒకప్పటి లెక్కల టీచరు. ఈ నెలాఖరుకు అన్నీ వదిలేసి ఎంబరారాలో తన ఆవుల దగ్గరికి వెళ్ళిపోతానని చెప్పింది. తన కుర్చీలో ఎవరు కూర్చోవాలో నెల ఆఖరి శుక్రవారం టీ దగ్గర చెబుతానంది. ఆ కుర్చీ కాటోదేనని అందరూ అనుకున్నారు. అందరికంటే ముందు కాటో అనుకున్నాడు. పదకొండు నెలల కిందట నబుకేరా వచ్చి చేరకపోతే ఆ అనుకోవడానికి అడ్డేమీ ఉండేది కాదు.

నబుకేరాకు ఇరవై ఆరేళ్ళు. రోజూ వేయించిన వేరుశనగపప్పు కాగితం పొట్లంలో తెచ్చి, అందరి బల్లల మీదా గుప్పెడు గుప్పెడు పోసి గానీ పనికి కూర్చోదు. కాటోకు వేరుశనగపప్పంటే ప్రాణం. ఆమె పోసింది మాత్రం ముట్టుకోడు. సాయంత్రం దాకా అలాగే ఉంచి, ఆమె చూస్తుండగా పక్కనున్న ఒగ్వాల్ బల్ల మీదికి తోసేస్తాడు. మొదటి నెలలో ఆమెకు పని నేర్పింది అతనే. మూడో నెలకు ఆమె అడిగే ప్రశ్నలకు, "రేపు చెబుతా," అనడం మొదలుపెట్టాడు. ఆరో నెలలో మేడమ్ అందరి ముందూ, "నబుకేరా రాసింది చదువుతుంటే కథ చదువుతున్నట్టుంటుంది," అంది. ఏడేళ్ళలో ఆవిడ కాటో రాసినదాన్ని ఒక్కసారీ కథ అనలేదు. "పనిచేస్తోంది," అనేది, అంతే. ఆ మధ్యాహ్నం కాటో తెచ్చుకున్న ఉడికించిన అరటికాయ మటోకె గిన్నె మూత కూడా తియ్యలేదు.

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. కొమ్ములకేం, మొలిచి ఊరుకుంటాయి. పొగడ్తలన్నీ వినాల్సిన ఖర్మ చెవులది.

మూడు వారాల కిందట ఒక సోమవారం పొద్దున నబుకేరా తన ల్యాప్‌టాప్ పట్టుకుని అతని బల్ల దగ్గరికొచ్చింది.

"అన్నా, ఒక్క నిమిషం చూస్తారా. ఇదే ప్రోగ్రాం రెండుసార్లు నడిపాను. మొదటిసారి 'మార్కులు' అన్న పేరు తెలియదని ముందు చెప్పింది. రెండోసారి 'మొత్తం' అన్న పేరు తెలియదని ముందు చెప్పింది. ప్రోగ్రాంలో అక్షరం ముక్క మార్చలేదు."

"రెండు తప్పులూ చెప్పిందా లేదా?"

"చెప్పింది."

"మరింకేంటి నీ బాధ?"

"వరుస మారిపోతోంది కదన్నా. పిల్లలు మొదటి తప్పు చూసి దిద్దుకుంటారు. ఒకే రాతకి పూటకో మాట చెబితే ఎట్లా?"

"మళ్ళీ నడుపు," అన్నాడు కాటో. ఆ ఆఫీసులో కంపైలర్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే ఏ టెస్టు తప్పినా అందరూ చేసే మొదటి వైద్యం అదే.

"నడిపానన్నా. మళ్ళీ మారింది."

ఎందుకు మారుతోందో కాటోకు తెలుసు. తెలియని పేర్లన్నిటినీ కంపైలర్ ఒక సంచిలో వేసినట్టు వేస్తుంది. చివర్లో సంచిలో చెయ్యి పెట్టి, చేతికి ఏది తగిలితే అది తీసి చెబుతుంది. ఆ సంచి పెట్టింది అతనే. ఏడేళ్ళ కిందట దాని మూలంగా ఒక టెస్టు ఒకసారి నెగ్గి ఒకసారి ఓడిపోతుంటే, మర్నాడే పెద్దవాళ్ళ ముందు చూపించాల్సి ఉండి, ఆ వానపూట కాటో ఆ టెస్టులో ఒక్క వరుస రాశాడు. కంపైలర్ చెప్పినవాటిని అక్షరక్రమంలో సర్దాకే టెస్టు పోల్చి చూడాలని ఆ వరుస అర్థం. టెస్టు నెగ్గింది. పిల్లల తెర మీద తప్పులు మాత్రం గందరగోళంగానే వస్తూ ఉండిపోయాయి. తర్వాత సరిగ్గా చేద్దామనుకున్నాడు. ఆ తర్వాత అనేది ఏడేళ్ళుగా రాలేదు.

నబుకేరా ఆ సాయంత్రానికే మార్పు రాసి పంపింది. సంచి తీసేసి, వచ్చిన పేర్లను వచ్చిన వరుసలోనే దండ గుచ్చినట్టు గుర్తుపెట్టుకునే ఏర్పాటు పెట్టింది. టెస్టులోని ఆ సర్దుబాటు వరుసను కొట్టేసింది. మొత్తం నలభై వరుసలు కూడా లేవు. పైన వివరణలో, "పాత రోజుల్లో తొందరలో పెట్టిన సర్దుబాటును తొలగించాను," అని రాసింది. ఎవరు పెట్టారో రాయలేదు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కాటో ఆ వాక్యాన్ని పదిసార్లు చదివాడు. పేరు రాసి ఉంటే కోపం తెచ్చుకోవడానికి వీలుండేది. రాయకుండా దయ చూపించింది. నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల తన మీద దయ చూపించడమేమిటని అతని కడుపు భగ్గున మండింది.

అక్కడి నియమం ప్రకారం ఏ మార్పయినా ఆ భాగాన్ని బాగా ఎరిగిన పాతకాపు చూసి సరే అంటేనే కంపైలర్‌లోకి వెళుతుంది. ఈ భాగానికి పాతకాపు కాటో. సరే అనడానికి ఒక మీట నొక్కితే చాలు. కాటో మీట నొక్కలేదు, అభ్యంతరం రాశాడు. పదకొండో వరుసలో ఒక ఖాళీ ఎక్కువైందన్నాడు. పది నిమిషాల్లో దిద్దేసింది. ఒక పేరు పొడుగ్గా ఉందన్నాడు. కుదించింది. వరుస గుర్తుపెట్టుకోవడం వల్ల వేగం తగ్గుతుందేమో కొలిచి చూపించమన్నాడు. మర్నాటికి కొలిచి చూపించింది, తేడా లేదు.

ఆ మూడో రోజు సాయంత్రం, కామ్వోక్యా దగ్గర టాక్సీ వ్యాను కదలకుండా నిలిచిపోయినప్పుడు, కాటోకు అసలు సంగతి తట్టింది. ప్రోగ్రాం రెండు ఫైళ్ళలో ఉంటే? ఏ ఫైలు ముందు చదవాలో కంపైలర్ తనంతట తాను నిర్ణయించుకోదు. డిస్కు ఏ వరుసలో ఇస్తే ఆ వరుసలో చదువుతుంది. ఆ వరుస ఒక్కో మిషన్‌లో ఒక్కోలా ఉంటుంది. నబుకేరా దండ ఎంత బాగా గుచ్చినా, ఏ దండ ముందో తేలదు. ఆమె అది చూసుకోలేదు. అతను చూశాడు.

చాన్నాళ్ళ తర్వాత కాటోకు ఆనందమేసింది. వ్యానులోనే ల్యాప్‌టాప్ తెరిచి ఆ అభ్యంతరం టైపు చేశాడు. పంపబోయి వేలు ఆపాడు. ఇప్పుడు చెబితే ఈ పిల్ల రేపటికల్లా సరిచేసేస్తుంది, మేడమ్ మళ్ళీ కథ అంటుంది. టీకి ముందురోజు చెబితే పూర్తిచెయ్యడానికి పూట కూడా ఉండదు. అందరి ముందూ ఆమె పని సగంలో నిలబడుతుంది, తప్పు పట్టినవాడు ఎవరో అందరికీ తెలుస్తుంది. కాటో దాన్ని పంపకుండా అలాగే దాచి ఉంచాడు.

అప్పటిదాకా ఆమెను ఆపాలి కాబట్టి, మిగతా రోజులన్నీ కోడిగుడ్డు మీద ఈకలు పీకాడు. మెమరీ ఎంత తింటుందో చూపించు. పాత మిషన్ల మీద నడిపి చూపించు. వివరణ ఇంకొంచెం పెద్దది చెయ్యి. పెద్దదైపోయింది, చిన్నది చెయ్యి. ఆమె పిన్ని దుకాణంలోంచి పన్నెండేళ్ళ నాటి మిషన్ మోసుకొచ్చి మరీ నడిపి చూపించింది. ప్రతి జవాబు కిందా, "చూసినందుకు థాంక్సన్నా," అని రాసేది. ఆ థాంక్స్ అతని కళ్ళకు కారంలా తగిలేది. కళ్ళల్లో నిప్పులు పోసుకుని కూర్చున్నవాడికి కారం కొత్తేమీ కాదు.

"ఏంటి కాటో, ఆ నలభై వరుసల్లో నిధేమైనా ఉందా, ఇన్నాళ్ళు తవ్వుతున్నావు?" అని ఒగ్వాల్ ఒకరోజు వేళాకోళమాడాడు.

"పిల్లల చేతికి వెళ్ళేది. జాగ్రత్తగా చూడొద్దా?"

"చూడు, చూడు. ఆ పిల్ల జుట్టు నెరిసేలోగా చూసెయ్."

నెలనెలా బళ్ళకు వెళ్ళే కొత్త కంపైలర్ సోమవారం వెళ్ళిపోయింది, నబుకేరా మార్పు లేకుండానే. బుధవారానికి అభ్యంతరాలు పద్నాలుగయ్యాయి. దాచినదాన్ని గురువారం మధ్యాహ్నం పంపాలని కాటో అనుకున్నాడు. గురువారం పొద్దున్నే మసాకా వైపునుంచి ఫోనొచ్చింది. లుబోవా అని ఒక బడిలో కంప్యూటర్ మాస్టారు. మేడమ్ అందరికీ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టింది.

"నిన్న మా వాళ్ళకి పరీక్ష పెట్టానండి," అన్నాడు లుబోవా. ఆయన గొంతు అరిచి అరిచి అలిసిపోయినట్టుంది. "మీరు సోమవారం పంపిన కొత్తదే వేయించాను. ఒక ప్రోగ్రాం ఇచ్చి, కంపైలర్ చెప్పే మొదటి తప్పేదో రాయండ్రా అన్నాను. నా మిషన్‌లో వచ్చింది చూసి దిద్దాను. సగం మందికి సున్నాలు. ఒక పిల్ల లేచి, నా తెర మీద ఇదే వచ్చింది సార్ అంది. వాళ్ళక్క పక్క బెంచీలోనే ఉంది, కవలలు, అక్కకి నాకొచ్చిందే వచ్చింది. అక్కకి వచ్చింది నీకెందుకు రాలేదే అని, ఆ పిల్లని క్లాసందరి ముందూ అబద్ధాలకోరు అన్నాను. ఇవాళ పొద్దున నా మిషన్‌లోనే మళ్ళీ నడిపితే ఆ పిల్ల చెప్పిందే వచ్చింది. ఇప్పుడు నకాటోకి నేనేం చెప్పుకోవాలి మేడమ్?"

నకాటో అంటే కవల ఆడపిల్లల్లో వెనక పుట్టినది. ఆ గదిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కాటోకు అసలే అక్కర్లేదు. అన్న బడికి వెళ్ళి నిజం చెబితే నిజమై, తాను వెళ్ళి చెబితే సాకు అయిపోయిన రోజులు అతనికి ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

ఫోను పెట్టేశాక మేడమ్ అడిగింది. "ఈ సంగతి మనకి ముందే తెలుసా?"

"నా మార్పు ఆలస్యమైంది మేడమ్," అంది నబుకేరా.

"నీది ఆలస్యమేంటి?" అన్నాడు ఒగ్వాల్. "మూడు వారాలైంది పంపి. చూసి సరే అనేచోటే ఆగింది కదా."

"ఎవరి దగ్గర ఆగింది?"

"నా దగ్గర," అన్నాడు కాటో.

మేడమ్ అతనివైపు తిరిగింది. "అయితే రేపు టీ దగ్గర చదువు. నువ్వు పెట్టిన పద్ధతే."

నిజమే, అది అతను పెట్టిన పద్ధతే. రెండో ఏట ఒగ్వాల్ వారం రోజుల పని పోగొట్టినప్పుడు పెట్టాడు. ఎక్కడైనా పని చెడితే, ఎవరి దగ్గర ఆగిందో వాళ్ళు నిలబడి, ఆ పని తాలూకు రాతలన్నీ మొదటినుంచి చివరిదాకా తేదీలతో సహా గట్టిగా చదవాలి. చదివేవాళ్ళు సంజాయిషీ చెప్పకూడదు, వినేవాళ్ళు అడ్డుపడకూడదు. దీనివల్ల ఎవరినీ తిట్టాల్సిన పనుండదని కాటో గర్వంగా చెప్పుకునేవాడు. తాను చదవాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

శుక్రవారం అల్లం టీ, సమోసాలు వచ్చాయి. కాటో తన ల్యాప్‌టాప్‌ను గోడ మీద పడేలా పెట్టి, నిలబడి మొదలుపెట్టాడు.

"సోమవారం. పదకొండో వరుసలో ఒక ఖాళీ ఎక్కువైంది." ఒగ్వాల్ ఫక్కున నవ్వాడు. "మంగళవారం. ఈ పేరు పొడుగ్గా ఉంది." మళ్ళీ నవ్వాడు. ఐదోదానికి నవ్వలేదు. విడివిడిగా చూస్తే ప్రతి అభ్యంతరమూ న్యాయంగానే ఉంది. అందుకే రాస్తున్నన్నాళ్ళూ కాటో తనను తాను జాగ్రత్తపరుడిననే అనుకోగలిగాడు. వరుసగా ఒకదాని కింద ఒకటి చదువుతుంటే మాత్రం, వివరణ పెద్దది చెయ్యమన్నచోటే మళ్ళీ చిన్నది చెయ్యమన్న మనిషి ఎలాంటివాడో గోడ మీద కనిపిస్తున్నాడు. తొమ్మిదోదాకా వచ్చినా కాటో టీ తాగడానికి ఆగలేదు. నబుకేరా తలెత్తలేదు.

పద్నాలుగూ అయ్యాయి. వాటి కింద ఒక బూడిదరంగు పెట్టె ఉంది. పంపని రాత అది. అతని మిషన్‌లో తప్ప ఎవరికీ కనపడదు, ఇప్పుడు గోడ మీద ఉంది. దూరంగా కూర్చున్నవాళ్ళకు అక్షరాలు ఆనడం లేదు. మూత వేసేస్తే ఎవరూ అడగరు. కాటో చెయ్యి ల్యాప్‌టాప్ మూత దాకా వెళ్ళింది. అబద్ధాలకోరు అనిపించుకున్న ఆ మసాకా పిల్ల గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పదిహేను. పంపలేదు," అని చదివాడు. "ప్రోగ్రాం రెండు ఫైళ్ళలో ఉంటే ఈ మార్పు సరిపోదు. ఫైళ్ళను డిస్కు ఇచ్చిన వరుసలోనే చదువుతున్నాం. అది మిషన్‌కో రకంగా ఉంటుంది."

నబుకేరా తలెత్తింది. ఐదేళ్ళలో ఇలా చదువుతున్నవాళ్ళకు ఎవరూ అడ్డుపడలేదు. "తేదీ చదవలేదన్నా," అంది.

అతను తేదీ చదివాడు. నాలుగో అభ్యంతరం కంటే ముందుది.

ఆమె రెండు చిన్న ఫైళ్ళు రాసి, తన మిషన్‌లో నడిపింది. అవే ఒగ్వాల్ మిషన్‌లో నడిపింది. రెండు తెరల మీదా తప్పులు రెండు రకాల వరుసల్లో వచ్చాయి. సమోసాలు చల్లారిపోతున్నాయి, ఎవరూ ముట్టుకోలేదు.

"నిజమే," అంది నబుకేరా. "నాకసలు తట్టలేదు. ఎన్నిసార్లు చూసినా తట్టేది కాదు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని కాటోకు అనిపించింది. "ఈ ఒక్కటీ మొదట చెప్పుంటే అన్నా, మిగతా పద్నాలుగూ నవ్వుకుంటూ చేసేదాన్ని. సోమవారానికి అంతా వెళ్ళిపోయేది."

మేడమ్ టీ గ్లాసు పక్కన పెట్టింది. "మన పనంతా ఏంటి కాటో? ముందు చెప్పాల్సింది ముందు చెప్పడం. అంతేగా," అంది. తర్వాత తన కుర్చీ నబుకేరాకు ఇస్తున్నానని చెప్పింది. చప్పట్లు కొట్టింది ఒగ్వాల్ ఒక్కడే, అదీ రెండుసార్లు కొట్టి ఆపేశాడు.

కాటోకు కడుపులో మండాల్సింది మండింది. లేదంటే అబద్ధం. నబుకేరా తన బల్లకు వెళ్ళబోతూ అతని దగ్గర ఆగింది. "రెండు ఫైళ్ళ సంగతి మీరే రాయండన్నా. నేను చూస్తాను," అంది. అతను రాశాడు. ఫైళ్ళను పేర్ల వరుసలో పెట్టాకే చదవాలన్న ఏర్పాటు, పన్నెండు వరుసలు. పైన వివరణలో, సంచి పెట్టిందీ, టెస్టులో దాన్ని దాచిందీ కాటో సెన్యోంగా అని పేరు రాశాడు. ఆమెనుంచి పావుగంటలో ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది, అది నిజమైనదే. దిద్దాడు. ఆమె మీట నొక్కింది.

మధ్యాహ్నం వాన తగ్గాక అతనే లుబోవాకు ఫోను చేసి, ఆ పిల్లను పిలవమన్నాడు. పిల్ల వచ్చింది. తప్పు తమదేనని, ఆమె చెప్పింది నిజమేనని, మాస్టారు క్లాసులో అందరి ముందూ ఆ మాట చెబుతారని అతను చెప్పాడు. పిల్ల అంతా విని అడిగింది.

"అయితే మా అక్కది తప్పా సార్?"

"లేదమ్మా. మీ అక్కదీ సరైనదే. నీదీ సరైనదే."

"ఓ," అంది పిల్ల.

ఆ ఓలో ఎంత నిరాశ ఉందో కాటోకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తనది సరైనదని తేలడం ఆ పిల్లకు చాల్లేదు. అక్కది తప్పు కావాలనుకోవడం మంచిది కాదని చెప్పడానికి అతనికి ఇవాళ మొహం లేదు.

"నా పేరు కాటో, తల్లీ," అన్నాడు.

పిల్ల గొంతు కొంచెం దగ్గరగా వచ్చింది.

"మరి మీ వాస్వా ఏం చేస్తుంటాడు సార్?"

"విమానాలు బాగుచేస్తాడమ్మా," అన్నాడు కాటో. "మంచి పనివాడు."